పాలమూరు వలస ముచ్చట్లు – 17: గుడ్డా, చెవుడా? ఒక్కటే చెప్పు



పోయిన భాగంల గద్వాల సీడు పత్తి చేన్లల్ల క్రాసింగ్ చేసే ఆడపిల్లల గురించి రాసిన. ఈసారి జూరాల కట్ట దాటి ఇవతలికి, ఆత్మకూరుకు, మా ఇంటికే వస్తున్న. ఇన్నేండ్లు ఈ ముచ్చట రాయకపోవడానికి కారణం సిగ్గు. అది ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తది.

కొన్నేండ్ల కింద మా అక్క కొడుకును సదరం క్యాంపుకు తీస్కపోయినం. పిల్లగాని పెన్షన్ సర్టిఫికెట్ కొత్తగ చేయించాలె. తెల్లారుజామున బయలెల్లి, లైన్ల నిలబడి, మా నెంబరు వచ్చేసరికి పగలు రెండు దాటింది. టేబుల్ కాడ కూసున్నాయన తల ఎత్తకుంటనే అడిగిండు: "గుడ్డా, చెవుడా?" అక్క "రెండూ సార్" అన్నది. "రెండు పెడితే సిస్టం తీసుకోదమ్మా. ఒక్కటే చెప్పు." అక్క నా దిక్కు చూసింది. తన కొడుకుకు కన్ను లేదని రాయించాల్నా, చెవి లేదని రాయించాల్నా? ఏది ఎక్కువ లేదో తల్లి తేల్చి చెప్పాలె, వెనక లైన్ ఆగింది గనక.

2016 వికలాంగుల హక్కుల చట్టంల 21 రకాల వైకల్యాలున్నయి. అండ్ల బహుళ వైకల్యం అనేది ఒకటి, అంధ బధిరత్వాన్ని పేరు పెట్టి మరీ అండ్ల చేర్చిన్రు. ఆ చట్టం 2017 ఏప్రిల్ నుంచి అమల్ల ఉన్నది. నా ఫోన్ల చూపించిన. "నువ్వేమన్న లాయరువా?" అన్నడాయన. కాదు సార్, మాదిగ వాడ నుంచి వచ్చిన మేనమామను.

ఇప్పుడు అసలు సంగతి.

2010ల అక్కా బావా పుణెల ఉన్నరు. మా దిక్కు గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కిచ్చుడు మీకు కొత్త కాదు, ఈ సీరీసే దాని మీద. రేకుల షెడ్డుల ఇరవై కుటుంబాలు, ఒక్క నల్లా. అక్కకు రెండో నెల. కడుపుతోటి ఉన్నట్టు ఆమెకే ఇంకా గట్టిగ తెల్వదు. షెడ్డుల పిల్లలకు ఒకరెనక ఒకరికి సన్నటి జ్వరం, మొఖం మీద మొదలై ఒళ్లంత దిగే ఎర్రటి దద్దు, మెడ ఎనక గడ్డలు వచ్చినయి. మూడు రోజులల్ల పోయినయి. తర్వాత అక్కకూ వచ్చినయి. "అమ్మ పోసింది" అన్నరు, యాపమండలు పెట్టిన్రు. నాలుగో దినం తట్ట ఎత్తింది, అడ్వాన్సు తీరాలె గద. ఇంత చిన్న జ్వరం ఎవలకు గుర్తుంటది?

2011ల పిల్లగాడు పుట్టిండు. తూకం తక్కువ. రెండు కండ్లల్ల తెల్లటి పువ్వు. పాలు తాగుతుంటే ఆయాసం. పళ్లెం కింద పడ్డా ఉలిక్కిపడడు. పట్నంల పెద్ద డాక్టర్ దగ్గరికి పోతే ఆయన మొట్టమొదట అడిగింది ఒకటే: "మేనరికమా?" అవును. మా బావ మా మేనమామ కొడుకే. డాక్టర్ పెన్ను మూసిండు. ఆ ఒక్క ముక్కతోటి కేసు అయిపోయింది. ఇంకో ప్రశ్న లేదు, తల్లికి జ్వరం వచ్చిందా అని లేదు, బిడ్డ రక్త పరీక్ష లేదు.

నేనప్పుడు యూనివర్సిటీల ఉన్న. సైన్సు, హేతువాదం, మూఢనమ్మకాల మీద కరపత్రాలు. ఇంటికొచ్చి పదిమంది ముందట మా అక్కను అన్న: "మేనరికం వద్దని చెప్తే విన్నరా? ఇప్పుడు అనుభవించుండ్రి." మా అవ్వ ఎల్లమ్మకు మొక్కు తప్పినందుకు ఇట్లయిందనేది. వాడకట్టు ఆడోళ్లు గ్రహణం నాడు బయటికి పోయిందన్నరు. వాళ్ల మాటలకు అక్క మారుమాట చెప్పేది. నా మాటకు మాత్రం చెప్పలే. నేను సదువుకున్నోన్ని గద. ఎల్లమ్మ శాపం కన్న నా సైన్సు శాపమే ఆమెకు బరువైంది.

2017 ఆగస్టుల తెలంగాణల మీజిల్స్–రుబెల్లా టీకాల కార్యక్రమం మొదలైంది. తొమ్మిది నెలల నుంచి పదిహేనేండ్ల దాకా పిల్లలందరికీ. ఓ స్కూల్ గోడ మీద పోస్టర్ చదివిన: గర్భిణికి రుబెల్లా సోకితే పుట్టే బిడ్డకు కంటి శుక్లం, చెవుడు, గుండె జబ్బు. మూడు పదాలు. మా పిల్లగాని పేరు ఒక్కటే అండ్ల లేదు. ఆ రాత్రి అక్కను అడిగిన, "కడుపుతోటి ఉన్నప్పుడు ఎప్పుడన్న ఒంటి మీద దద్దు లేసిందా?" ఆమె చానసేపు ఆలోచించి పుణె షెడ్డు ముచ్చట చెప్పింది. చెప్పి, "అయితే మేనరికం కాదారా తమ్మీ?" అని అడిగింది. ఆరేండ్ల తర్వాత.

పాత కాగితాలన్నీ ఇంకో డాక్టరమ్మకు చూపించినం. లక్షణాలన్నీ పుట్టుకతో వచ్చే రుబెల్లా సిండ్రోమ్‌కు సరిపోతున్నయి, కానీ మొదటి నెలలల్ల బిడ్డ రక్తం పరీక్ష చేసుంటేనే గట్టిగ చెప్పొచ్చు, ఇప్పుడు కాగితం మీద రుజువు చేయలేం అన్నది. అంటే సర్కారు లెక్కల మా పిల్లగాడు రుబెల్లా బిడ్డ కాదు. దేశంల ఇట్లాంటి పిల్లల లెక్క కోసం ఐసీఎంఆర్ కొన్ని పెద్ద ఆస్పత్రులల్ల నిఘా మొదలువెట్టిందే 2016ల. అంతకు ముందు పుట్టినోళ్లల్ల ఎక్కువమందిని ఎవ్వలూ లెక్కవెట్టలే.

మేనరికం వల్ల కొన్ని జన్యు జబ్బులు పెరుగుతయి, అది నిజం, దాన్ని వద్దనే ఇప్పటికీ చెప్త. కానీ శుక్లం, చెవుడు, గుండె, మూడూ కలిసి ఒకే బిడ్డకు వస్తే ముందుగాల అనుమానించాల్సింది రుబెల్లానే. ఇది కొత్త సంగతి కాదు. 1941ల సిడ్నీల నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టర్ తన దగ్గరికి శుక్లాల పసిపిల్లలు ఎందుకు ఇంతమంది వస్తున్నరని తల్లులను అడిగిండు. కడుపు తొలి నెలలల్ల జర్మన్ మీజిల్స్ వచ్చిందని వాళ్లు చెప్పిన్రు. తనవి, తోటి డాక్టర్లవి కలిపి 78 మంది పిల్లల వివరాలు రాసిండు. ఆయన చేసిన గొప్ప పని ఏందంటే తల్లుల మాట నమ్ముడు. 1941ల సిడ్నీల అడిగిన ప్రశ్న 2011ల పాలమూరు కూలి తల్లిని ఎందుకు అడగలే? మన ఆడోళ్లను చూడంగనే కులం, మేనరికం, అజ్ఞానం కనిపిస్తయి. వైరస్ కనిపించదు.

వైరస్ సంగతి కూడ జర వినుండ్రి, ముఖ్యంగ హాస్టళ్లల్ల ఉన్న చెల్లెండ్లు. రుబెల్లా మామూలు పిల్లలకు తేలికపాటి జబ్బు. కడుపు తొలి 12 వారాలల్ల తల్లికి సోకితే పిండానికి పదిల తొమ్మిది వంతుల దాకా ప్రమాదం. 20 వారాలు దాటినంక అరుదు. అమెరికాల 1964–65 మహమ్మారిల కోటి పాతిక లక్షల మందికి రుబెల్లా వచ్చి, 20 వేల మంది పిల్లలు ఈ సిండ్రోమ్‌తోటి పుట్టిన్రు. వాళ్లు 1969ల టీకా తెచ్చుకున్నరు. 2015 నాటికి ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలు రెండూ రుబెల్లా లేని ప్రాంతంగ ప్రకటించుకున్నయి.

మనకు 2017. నలభై ఎనిమిదేండ్ల తేడా.

నాకు ఒళ్లు మండేది ఇక్కడ. ఆ నలభై ఎనిమిదేండ్లు మన దేశంల టీకా లేక కాదు. ఎంఎంఆర్ పేరుతోటి ప్రైవేటు క్లినిక్కులల్ల ఏండ్ల తరబడి దొరికింది. పైసలున్నోని బిడ్డకు వేసిన్రు. ఢిల్లీ లాంటి కొన్ని చోట్ల సర్కారే ఇచ్చింది. ఇంకా వినుండ్రి: ప్రపంచంల పేద దేశాలకు మీజిల్స్–రుబెల్లా టీకా పంపింది పుణెలున్న సీరం ఇన్‌స్టిట్యూట్. రువాండా 2013ల, బంగ్లాదేశ్ 2014ల తమ పిల్లలకు పెద్ద ఎత్తున వేయించుకున్నయి. మా అక్క తట్ట మోసిన ఊర్లె తయారైన మందు సముద్రాలు దాటి పోయింది, షెడ్డులకు మాత్రం రాలే. పుణె షెడ్డుకు అడ్వాన్సు వచ్చింది, మేస్త్రి వచ్చిండు, పోలీసాయన వచ్చిండు.

దీనికి సర్కారు పక్షం వాళ్లు ఒక జవాబు చెప్తరు. అది ఉత్త సాకు కాదు గనక చెప్పాలె. పిల్లలల్ల 80 శాతం మందికి అందియ్యలేకపోతే రుబెల్లా టీకా పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. సగం సగం వేస్తే వైరస్ తిరుగుడు తగ్గుతది, చిన్నప్పుడు రావాల్సిన జబ్బు రాకుండ పోయి, పెద్దయినంక కడుపుతోటి ఉన్నప్పుడు తగుల్తది. గ్రీస్‌ల అచ్చంగ ఇదే అయింది: 1975 నుంచి టీకా ఉన్నది కానీ సగంమందికి కూడ అందలే, 1993ల మహమ్మారి వచ్చి పసిపిల్లలు బలయిన్రు.

సరే, ఒప్పుకుంట. మరి సగం సగం వేస్తే ప్రమాదమని తెలిసినోళ్లు ప్రైవేటు దుకాణంల సగం సగం అమ్ముకోనిచ్చుడు ఎట్ల? కొనగలిగినోని బిడ్డ చుట్టూ గోడ కట్టి, ఆ గోడ అవతల ఉన్న ఆడపిల్ల వయసుకొచ్చేదాకా వైరస్‌ను ఆపి, అప్పుడు ఆమె గర్భంల దింపే పద్ధతి ఇది. ఎవరూ కావాలని పన్నింది కాదు, నాకు తెలుసు. కులం కూడ రోజూ ఎవరో ఒకరు కావాలని పన్నితే నడిచేది కాదు. ఊరి బయట ఉంటే సాలు, అన్నీ వాటంతట అవే ఆడిదాక రావు.

"ఇప్పుడు టీకా వచ్చింది గదా, ఇంకా ఏంది లొల్లి" అంటరు. 2017ల పదిహేనేండ్లు దాటిన పిల్లలు ఆ కార్యక్రమంల లేరు. వాళ్లే ఇప్పుడు పిల్లల్ని కనే వయసుల ఉన్నరు. ఇటుక బట్టీలకు, షెడ్డులకు పోయి ఆ దినం బళ్లె లేనోళ్లు లేరు. తమిళనాడుల వాట్సాప్ పుకార్లకు భయపడి పిల్లల్ని దాచినోళ్లున్నరు. మీజిల్స్–రుబెల్లా నిర్మూలన గడువు 2020 అన్నరు, 2023 అన్నరు, ఇప్పుడు 2026 అంటున్నరు. హాస్టల్ చెల్లెండ్లారా, టీకా వేసుకున్నరో లేదో ఇంట్ల అడుగుండ్రి. వేసుకోకుంటే డాక్టర్‌ను అడిగి వేసుకోండ్రి. కడుపుతోటి ఉన్నప్పుడు వేసుకోవద్దు, వేసుకున్నంక నెల రోజులు గర్భం రాకుండ చూసుకోవాలె. లగ్గానికి ముందు జాతకం చూపెట్టే పైసలతోటి ఇది అయిపోతది.

ఇగ పుట్టిన పిల్లల సంగతి. టీకా ముచ్చట చెప్పే పోస్టర్లు పుట్టినోళ్ల కాడికి రాంగనే ఆగిపోతయి. వాళ్లు పోస్టర్ మీద భయపెట్టే బొమ్మ, అంతే. బొమ్మకు అన్నం ఎవరు తినిపిస్తున్నరని ఎవరూ అడగరు.

మా పిల్లగానికి గుండెల పుట్టినంక మూసుకోవాల్సిన నాళం మూసుకోలే. ఆరోగ్యశ్రీ కింద ఆపరేషన్ అయింది. ఆ పథకం లేకుంటే పిల్లగాడు లేకపోవు, ఆ మాట దాచను. కంటి శుక్లం పుట్టిన కొద్ది వారాలల్లనే తీస్తే చూపు నిలుస్తది. మావోనికి తీసేసరికి తొమ్మిదో నెల. ఒక కంటికి వెలుతురూ ఆకారాలూ తెలుస్తయి, రెండో కంటికి అదీ లేదు. చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ అని ఒకటుందని మాకు తెలిసేసరికి వయసు దాటిపోయింది. కేంద్రం ఏడిప్ పథకంల ఐదేండ్ల లోపు పిల్లలకు దాన్ని ఇస్తరు. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే అని ఉన్నది, అంగన్‌వాడీలకు, బడులకు డాక్టర్ల బండి వచ్చి పుట్టు శుక్లం, పుట్టు చెవుడు, గుండె జబ్బు పరీక్షించాలె. మంచి పథకం. కానీ ఏడాదిల ఆరు నెలలు పుణెల ఉండే పిల్లగాన్ని ఆత్మకూరు అంగన్‌వాడీల ఎవరు చూస్తరు? రిజిస్టర్ల "వలస" అని రాస్తరు. ఆ ఒక్క మాట రాస్తే అందరి బాధ్యత తీరిపోతది.

బడి కోసం తిరిగిన తిరుగుడు ఒక పుస్తకమైతది. అంధుల బడికి పోతే "చెవి వినకుంటే మేం పాఠం ఎట్ల చెప్తం" అన్నరు. బధిరుల బడికి పోతే "కండ్లు కనపడకుంటే సైగలు ఎట్ల చూస్తడు" అన్నరు. ఇద్దరి మాటా న్యాయమే. ఇద్దరి నడుమ మా పిల్లగాడే అన్యాయంగ ఉన్నడు. భవిత కేంద్రానికి కొన్ని నెలలు తీస్కపోయినం. ఆడ ఉన్న టీచరమ్మ కాంట్రాక్టు మనిషి, మండలమంత ఆమెదే. ఆమె మంచిది, కానీ అంధ బధిర పిల్లలకు ఎట్ల నేర్పాలో ఆమెకే ఎవరూ నేర్పలే. ఆటోకు రానుపోను అక్క కూలి అంత అయ్యేది.

అట్లాంటి పిల్లలకు చదువు రాదనుకుంటున్నరా? వస్తది. చేతుల మీద చేతులు పెట్టి చెప్పే సైగలున్నయి, వస్తువు ముట్టించి చెప్పే పద్ధతులున్నయి. గిన్నె ముట్టిస్తే అన్నం, తువ్వాల ముట్టిస్తే స్నానం. అక్క ఎవరూ చెప్పకుంటనే ఇవన్నీ తనే కనిపెట్టుకున్నది. బావ డప్పు కొడితే పిల్లగాడు చర్మం మీద అరచెయ్యి ఆనించి నవ్వుతడు. దెబ్బ మారితే మొఖం మారుతది. తెలిసినోళ్ల చేతిల పడితే ఆ చెయ్యే వాని బడి అయ్యేది. చెన్నై పక్కన ముట్టుకాడుల బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉన్నది. అహ్మదాబాద్ కేంద్రంగ సెన్స్ ఇండియా 1997 నుంచి అంధ బధిర పిల్లల కోసమే పనిచేస్తున్నది. ఇవి మాకు తెలిసేసరికి వానికి పదకొండేండ్లు.

సెన్స్ అన్న మాట వచ్చింది గనక దాని పుట్టుక చెప్పాలె. 1955ల ఇంగ్లండ్‌ల పెగ్గీ ఫ్రీమన్, మార్గరెట్ బ్రాక్ అని ఇద్దరు తల్లులు, ఇద్దరివీ రుబెల్లా బిడ్డలే. నీ బిడ్డ తింటడా, నా బిడ్డ పడుకోడు అని ఒకరికొకరు రాసుకుంట రుబెల్లా గ్రూప్ అని మొదలువెట్టిన్రు. అదే పెరిగి సెన్స్ అయింది. డాక్టర్లు పెట్టలే, సర్కారు పెట్టలే. నేను అడిగేది ఇదే: మా పాలమూరు నాలుగైదు జిల్లాలల్ల మా అక్క అసుంటి తల్లులు ఎంతమంది? వాళ్లకు ఒకరికొకరు తెల్వదు. ఒక్కొక్కతె తన ఇంట్ల తనే పాపం చేసినట్టు తలుపేసుకున్నది.

ఇప్పుడు మన దిక్కు వస్త. మన సంఘాల దిక్కు. పదిహేనేండ్లుగ మీటింగులు పెట్టిన. ఏ ఒక్క మీటింగుకూ అక్క రాలే, నేను రమ్మనలే. ఆమె వస్తే పిల్లగాడు రావాలె, వాడు వస్తే అరుస్తడు, పక్కల తడుపుతడు. మన అంబేడ్కర్ భవనాలకు మెట్లున్నయి, ర్యాంపులు లేవు. భూమి, ఉద్యోగం, వర్గీకరణ, ఆత్మగౌరవం అన్నీ మాట్లాడినం. దళిత వికలాంగ పిల్లగాని ముడ్డి కడిగే తల్లి శ్రమ ఎప్పుడన్న తీర్మానంల వచ్చిందా? 2015ల మోదీ "దివ్యాంగులు" అని పేరు మార్చిండని నవ్వుకున్నం. మనం పేరు కూడ పెట్టలే.

బాబాసాహెబ్ 1928ల బొంబాయి కౌన్సిల్‌ల ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థిస్తూ మాట్లాడిండు. కాన్పు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి ఇచ్చుడు దేశానికి లాభం గనక ఆ ఖర్చుల సర్కారు కూడ వాటా భరించాలె అన్నది ఆయన వాదన. 1928ల ఆయనకు కనపడ్డ కూలి తల్లి మనకు ఎందుకు కనపడలే? పుణె షెడ్డుల రెండో నెలల దద్దు జ్వరంతోటి తట్ట ఎత్తిన ఆడమనిషి ఆ బిల్లుల ఉన్నది.

అక్కకు ఇప్పుడు వచ్చేది పిల్లగాని పెన్షన్. 2014ల 1,500 ఉండె, 2019ల 3,016 చేసిన్రు, 2023ల 4,016. ఎన్నికలల్ల 6,000 అని హామీ ఇచ్చిన్రు, నేను ఇది రాసేనాటికి అకౌంట్ల పడేది 4,016 రూపాయలే. ఇది పిల్లగాని పేరున. అక్క చేసే పనికి? పద్నాలుగేండ్ల సంది ఆమె కూలికి పోలే, ఒక్క లగ్గానికి పోలే. ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలని 2016 చట్టం 24వ సెక్షన్ల ఉన్నది. మా ఇంటికి ఒక్క రూపాయి రాలే. కేరళల ఆశ్వాసకిరణం అని నెలకు 600 రూపాయలు ఇస్తరు. అది చాన తక్కువ. కానీ చూసుకునే మనిషి కూడ పని చేస్తున్నదని ఒప్పుకున్నట్టయితే అయింది. ఎస్సీ ప్రత్యేక నిధి కింద వేల కోట్లు చూపెడతరు గదా, అండ్ల ఈ తల్లుల పేరు మీద ఒక పద్దు రాయలేరా?

మా అక్క తోటి ఓ దినం ఈ లెక్కలన్నీ చెప్తుంటే ఆమె మధ్యల ఆపింది. "పైసలు సరే తమ్మీ. నేను సచ్చిపోయినంక వీని చేతుల మీద సైగ ఎవరు చేస్తరు?" అన్నది. నా దగ్గర చట్టం ఉన్నది, సెక్షన్ నెంబర్ ఉన్నది. జవాబు లేదు. ఆ దినమే ఆమె దగ్గర నేను నాలుగు సైగలు నేర్చుకున్న. అన్నం, నీళ్లు, అమ్మ, నొప్పి. నా చెయ్యి పట్టుకుంటే వాడు మొదట వెనక్కి గుంజుకునేది. ఇప్పుడు నా వాచ్ తడిమి గుర్తుపడతడు.

పాత మాటకు మాఫీ అడిగిన్నా అంటే, అడిగిన. "నువ్వు ఒక్కనివే అన్నవా, అందరు అన్నరు" అన్నది. మాఫీ చేసిందో లేదో చెప్పలే. నేను మళ్ల అడగలే.

ఇగ పని. వచ్చే సోమవారం వనపర్తి కలెక్టరేట్ ప్రజావాణికి పోతున్నం. దరఖాస్తుల మూడే ముక్కలు రాసినం. సదరంల బహుళ వైకల్యం అని రాయమంటే రాయాలె, తల్లిని ఒక్కటే ఎంచుకోమనొద్దు. భవిత కేంద్రాల టీచర్లకు అంధ బధిర పిల్లల శిక్షణ ఇప్పియ్యాలె. వలస పోయే కుటుంబాల ఆడపిల్లలకు టీకా ఊరు దాటకముందే పడాలె, గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చే నెలల ఊర్ల క్యాంపు పెట్టాలె. నేషనల్ ట్రస్ట్ కింద నిరామయ అని బీమా ఉన్నది, బహుళ వైకల్యం ఉన్న పిల్లలకు ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య ఖర్చు ఇస్తరు. దాని ఫారాలు నింపిపెట్టే పిల్లలు నలుగురు కావాలె. పాలమూరు యూనివర్సిటీ తమ్ముళ్లు ఇద్దరు వస్తమన్నరు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, నారాయణపేట దిక్కు మీ ఊర్లల్ల ఇట్లాంటి పిల్లగాడో పిల్లనో ఉంటే, రుబెల్లానే కానక్కర్లే, కన్నూ చెవీ రెండూ లేని బిడ్డ ఎవరైనా, వాళ్ల అమ్మకు నా నెంబరు ఇయ్యుండ్రి. నాతోటి కాదు, అక్కతోటి మాట్లాడిస్త. పగలు పిల్లగాడు పండినప్పుడు, రెండు నుంచి నాలుగు దాకా, ఆమె ఖాళీగ ఉంటది.

(ఇంకా ఉన్నది. వచ్చే భాగం: షెడ్డులల్ల కాన్పులు)